మావగారికి సముద్రం చూపించిన వైనం

నా పెళ్లిని నేనే ముంచేయబోయాను. అందుకు నాకు తుఫాను అక్కర్లేకపోయింది, శత్రువులూ అక్కర్లేకపోయారు. ఊరవతల ఒక గది చాలింది. అతిశయోక్తి అనిపిస్తే మా ఆవిడ గౌరిని అడగండి, ఇంతకన్నా ఘోరంగా చెబుతుంది.

మాది పోర్ట్ బ్లెయిర్ శివార్లలో గరాచర్మ. తాతలు సోంపేట వైపు నుంచి ఓడెక్కి వచ్చారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, హార్బర్లో చిన్న ఉద్యోగం. గౌరి వాళ్లది మాయాబందర్. అక్కణ్నించి బస్సెక్కితే మా ఊరు చేరేసరికి పొద్దు సగం పైనే పోతుంది. వాళ్ల నాన్న సింహాచలం గారిది సొంత పడవ, చేపల వేట. సంబంధం ఫోన్లలో దాదాపు కుదిరిపోయింది. ఇక వాళ్లు వచ్చి మా ఇల్లూ వాకిలీ, నా మొహం కళ్లారా చూసి ఊఁ అనడమే మిగిలింది.

గౌరి, వాళ్లమ్మా నాన్నా, అమ్మమ్మ, నలుగురూ వస్తున్నారని తెలిసిన రోజు నాకు అన్నం దిగలేదు. సంతోషంతోనే. అమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది: వాళ్లు దిగే రోజు మంచిది కాదు, మర్నాడు మధ్యాహ్నం బావుంది, అప్పటిదాకా మన గుమ్మం తొక్కించకు, బజార్లో గంటస్తంభం దగ్గర శుభ్రమైన లాడ్జిలో దింపు. అలాగేనన్నాను. అప్పటికి నా బుర్రలో అంతకన్నా గొప్ప ఆలోచన ఒకటి గుడ్లు పొదుగుతోంది.

ఆలోచించండి. విమానాల్లో వచ్చే టూరిస్టులు ఊరవతల, సముద్రం ఒడ్డున, చెక్క కాటేజీల్లో దిగి మురిసిపోతున్నారు. నా కాబోయే అత్తమామలు మాత్రం హారన్ల మోతలో, హోటల్ పోపు వాసనలో పడుకోవాలా? నేనేం తక్కువ? వండూరు దారిలో బీచ్ ఎదురుగా ఉన్న రిసార్టులో రెండు కాటేజీలు బుక్ చేశాను. అమ్మకి చెప్పలేదు, గౌరికీ చెప్పలేదు. సర్‌ప్రైజ్ అనే జబ్బుకి అంతవరకూ మందు కనిపెట్టలేదు.

బస్సు దిగగానే వాళ్లని వ్యాన్లోకి ఎక్కించాను. అమ్మమ్మ సీట్లో ఇటూ అటూ కదులుతూ కిటికీలోంచి బజారు చూస్తోంది. బట్టల కొట్లు, ఐస్‌క్రీం బండ్లు, అద్దాల మేడలు. వ్యాను ఆగుతుందనుకుని చెప్పులు కూడా తొడుక్కుంది. వ్యాను ఆగలేదు. బజారు దాటింది, జనం పలచబడ్డారు. "ఏటి బాబూ, ఊరైపోనాది గదా," అంది అమ్మమ్మ. అసలు ఊరు ముందుంది అమ్మమ్మా అన్నాను.

ఇక్కడ నా తెలివికి అసలు పరీక్ష వచ్చింది. వండూరు వెళ్లే రోడ్డు మా గరాచర్మ మీదుగానే పోతుంది. మా ఇల్లు ఆ రోడ్డు పక్కనే. ఆ ఇంటి ముందు, నీలం గేటు పట్టుకుని, మా అమ్మ కూరగాయలమ్మితో బేరమాడుతోంది. వాళ్లంతా ఈపాటికి లాడ్జిలో స్నానాలు చేస్తున్నారనే నమ్మకంతో. నేనేం చేసి ఉంటాననుకుంటున్నారు? సీటు కిందికి జారి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, నత్తలా ముడుచుకుపోయాను. గేటు దాటిపోయిందని డ్రైవర్ భయ్యా చెప్పాక తలెత్తాను. నలుగురూ నన్నే చూస్తున్నారు. చెప్పు పడిపోయిందన్నాను. నా కాళ్లకు బూట్లున్నాయి.

రిసార్టు చేరాక నా ఉత్సాహం మళ్లీ పొంగింది. గైడులా ముందు నడుస్తూ అన్నీ చూపించాను. "అదిగో సముద్రం మావయ్యా," అన్నాను. నలభై ఏళ్లుగా రోజూ సముద్రం మీదికి పోయొచ్చే మనిషి దాని వంక, పక్కింటాయన్ని చూసినట్టు చూసి తలాడించారు. మడచెట్లు చూపిస్తే, మా పెరటి వెనకంతా అవేనంది అత్త. బీచ్‌లో మొసళ్లున్నాయి జాగ్రత్త అని బోర్డుంది. నేను భయపడొద్దని ధైర్యం చెప్పబోయాను. అమ్మమ్మ దాన్ని ఎవరితోనో చదివించుకుని, "మా కాల్వలోనూ ఉన్నాదిలే, పెద్దదే," అని ముందుకు నడిచింది. సూర్యాస్తమయానికి అందర్నీ వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టాను. ముగ్గురూ కునుకు తీశారు. గౌరి మాత్రం మేలుకునే ఉంది, సూర్యుణ్ని కాదు, నన్ను చూస్తూ. ఆ చూపులో ప్రేమ ఉందనుకున్నాను. పాఠకులారా, అది ప్రేమ కాదు.

భోజనం దగ్గర అత్త, చేప కాకుండా ఇంకేముందని అడిగింది. చేపే స్పెషలని వెయిటర్ గర్వంగా చెప్పాడు. నలుగురూ పెరుగన్నం తిన్నారు.

మర్నాడు తెల్లారుతూనే ఇంటి నుంచి స్కూటరేసుకుని రిసార్టుకి పరిగెత్తాను. గేటు దగ్గరే మేనేజరు పట్టుకున్నాడు. ఫొటోలు దిగడానికని ఇసకలో ఒక పాత పడవకి రంగులేసి, దాన్నిండా పూలకుండీలు పెట్టి ఉంచారు. పొద్దున లేచి చూస్తే అది అక్కడ లేదట. "ఆప్ కా ససుర్ బోట్ లేకే గయా," అన్నాడు. మా మావగారు పడవ పట్టుకుపోవడమేమిటని నేను లోపలికి పోయి చూస్తే, పడవ రిసెప్షన్ మెట్ల దాకా వచ్చి ఉంది, కొబ్బరిచెట్టుకి తాడుతో గట్టి ముడి వేసి మరీ. కుండీలన్నీ వరసగా గట్టున దింపి ఉన్నాయి.

మావగారు వరండాలో కూర్చున్నారు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. అల చప్పుడు వినబడినప్పుడల్లా పడవ ఏమైందోనని లేచి కూర్చోవడం తనకి అలవాటట. ఒడ్డున పడవ కనబడింది, పోటు ఎక్కుతోంది, ఎవడిదైతేనేం, కొట్టుకుపోతుందని పైకి లాగేశారట. అలలు వినబడని చోట ఒక్క రాత్రి హాయిగా నిద్రపోవాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నారట, పోర్ట్ బ్లెయిర్ బజార్లో గది అనగానే ఆ కోరిక తీరుతుందని బయల్దేరారట. అత్తకి మిక్సీ కొనాలనుంది. అమ్మమ్మకి లిఫ్టు ఎక్కాలనుంది. అది తప్ప ఆవిడ ఈ జన్మలో ఎక్కని బండి లేదు.

అంతవరకైతే నవ్వుకుని సరిపెట్టుకునేవాళ్లం. మావగారు నన్ను ఎదురుగా కూర్చోమన్నారు.

"బాబూ, అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. బస్సు దిగగానే ఊళ్లో ఆపకుండా తెచ్చేశావు. మీ ఇంటి ముందు తల దాచుకున్నావు. ఆ గేటు ఫొటోలో చూశాం, గౌరి గుర్తుపట్టింది. మేం ఊళ్లో ఎవరికి కనబడకూడదు? నీకు అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?"

నేను అందాల సముద్రాన్ని బహూకరిస్తున్నాననుకుంటే, వాళ్ల కళ్లకి నేను రెండో సంసారం దాస్తున్న దొంగలా కనబడుతున్నాను. అమ్మ, మంచి రోజు, కాటేజీ, సర్‌ప్రైజ్, అన్నీ కలిపి గబగబా చెప్పాను. నిజం చెబుతున్నప్పుడు నేనింత అబద్ధాలకోరులా మాట్లాడతానని నాకే తెలీదు. మావగారు లేచి, ముందు మమ్మల్ని బజార్లో దింపు, నీ గురించి నలుగుర్నీ అడిగాకే మీ గుమ్మం తొక్కుతామన్నారు.

గంటస్తంభం దగ్గర లాడ్జిలో గదులు దొరికాయి. పైఅంతస్తు, రోడ్డు వైపు కిటికీ. కింద ఆటోల హారన్లు, కొట్లవాళ్ల కేకలు. విచారణకి వెళ్లాల్సిన మావగారు ఒక్క నిమిషం నడుం వాలుస్తానన్నారు. అంతే. బజారంతా జోల పాడినట్టుంది, ఆయన గురక మెట్ల దాకా వినబడింది. ఎంత లేపినా లేవలేదు. అక్కడ గరాచర్మలో పెద్దలంతా వచ్చి కూర్చున్నారు, పులిహోర చల్లారిపోతోంది. వేరే దారి లేక అమ్మకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. అమ్మ, అక్కడే ఉండు, వస్తున్నానని ఫోన్ పెట్టేసింది. అదే అన్నిటికన్నా భయం.

అమ్మ ఆటోలో వచ్చి లాడ్జి ముందు దిగేసరికి, అమ్మమ్మ లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతోంది, అత్త తోడు ఉంది. కింద తలుపు తెరుచుకుంది. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. మర్యాదగా లోపలికి రమ్మంది అత్త, మర్యాదగా ఎక్కింది అమ్మ. తలుపు మూసుకుంది. లిఫ్టు కొంచెం పైకి పోయింది. కరెంటు పోయింది.

కౌంటర్ దగ్గరికి పరిగెత్తాను. జనరేటర్ ఉంది, అందులో డీజిల్ లేదన్నాడు కౌంటర్లో కుర్రాడు తాపీగా. నేనూ గౌరీ లిఫ్టు తలుపుకి చెవులానించి నిలబడ్డాం. లోపల అమ్మ గొంతు వినబడింది. వీడికి ఇంకో సంసారమా వదినా, అంటోంది. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి మ్యాచ్‌కి పోయి, అక్కడ వాళ్ల నాన్న కనబడితే, నాన్నా నేనిక్కడ అని చెయ్యూపినోడు వీడు. ఇంకా చాలా చెప్పింది. అవి నేను రాయను. అన్నీ గౌరి విన్నది, అంతకన్నా ఏం కావాలి. లోపల్నించి ముందు ఒక నవ్వు వచ్చింది, తర్వాత రెండు, తర్వాత లిఫ్టు ఊగేంత నవ్వు. తర్వాత గుసగుసలు. మాఘమాసం అన్న మాట వినబడింది.

కరెంటు వచ్చింది. తలుపు తెరుచుకోగానే అమ్మమ్మ ముందు దిగింది. చీర సర్దుకుని, నన్ను పైనించి కిందిదాకా చూసి, అత్తవైపు తిరిగి తీర్పు చెప్పింది.

"గుంటడికి తెలివి నేదే. తెలివి నేనోడు ఏటి దాస్తాడు? పిల్లనిచ్చీండి."

నా జీవితంలో నాకు దొరికిన ఒకే ఒక మంచి సర్టిఫికెట్ అది. మావగారికి సంబంధం ఖాయమైన సంగతి సాయంత్రం నిద్ర లేచాక తెలిసింది. హాయిగా నవ్వి, మళ్లీ పడుకున్నారు.

కాబట్టి తూర్పుకు తిరిగి, రెండు చేతులూ జోడించి, మా ఆవిడ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఎవరి సంతోషాన్నీ వాళ్లని అడక్కుండా నేను బుక్ చేయను. రాసినంత వరకూ గౌరికి చదివి వినిపించాను. అంతా విని, ప్రతిజ్ఞ బావుంది గానీ ఇంకోసారి గట్టిగా చదవమంది, మాయాబందర్ నుంచి మమ్మల్ని చూడ్డానికొచ్చి వంటింట్లో ఉన్న అమ్మమ్మకి సరిగ్గా వినబడలేదట.