ముళ్ళ మొక్కకు పిడికెడు ఇప్పచెక్క

ఈ ఉదయం గుమ్మం పక్కన పీట వేసుకుని, కుండీలోని మా ముళ్ళ మొక్కకు ఎరువు పెడుతున్నాను. తొలకరి వానలు నాలుగు పడ్డాయి. ఏడాదికొక్కసారి దానికి పెట్టేది ఇప్పుడే. కుండీ అంచు వెంబడి మట్టిని పుల్లతో గీరి, ఏడాది మాగిన ఇప్పచెక్క పొడి పిడికెడు చల్లి, మళ్ళీ మట్టి కప్పాలి. మొదలుకు తగలనివ్వకూడదు. అంతలో ఇంటి యజమాని వచ్చి నిలబడ్డాడు. బీజాపూర్‌లో నేను అద్దెకుంటున్న ఈ రెండు గదులు ఆయనవే. మర్యాదస్తుడు కనుక, చెప్పదలచుకున్నది చెప్పలేక చెప్పులు రెండుసార్లు విడిచి తొడిగాడు. "దీదీ, గుమ్మం ముందర కాంటేవాలా మొక్క మంచిది కాదంట. పండిత్‌జీ చూసి చెప్పిండు. తీసేస్తరనుకుంటే మీరు ఖాద్ వేస్తున్నరేంది?" అన్నాడు. "ఆకలైతది గద, అందుకు" అన్నాను. "దసరా లోపల తీసెయ్యండి దీదీ." "తీసేస్త. దాంతోపాటు నా పెట్టె, మంచం గూడ తీస్కపోత. మీ గదులు మీకే ఉంటయి." నవ్వాలో వద్దో తేల్చుకోలేక ఆయన వెళ్ళిపోయాడు. నేను మిగిలిన పొడి చల్లి చెయ్యి దులుపుకున్నాను. అద్దె ఇల్లు మారడం నాకు కొత్త కాదు. ఆ మొక్క మీద ఈ నింద అంతకన్నా పాతది. ఒకసారి మా ఇంటి వాకిట్లోనే దాని మీద విచారణ జరిగింది.

మాది ఇదే జిల్లాలో, ఉసూర్‌కు అవతల, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. మా తాత చుట్టుపక్కల ఊళ్ళకు పెద్ద. తగువులన్నీ మా అరుగు మీదే తీరేవి. ఆయన ఒకసారి జగదల్‌పూర్ వెళ్ళి, ఏదో బంగళా తోటమాలి ఇచ్చిన జానెడు ముక్కను తువ్వాలలో చుట్టుకొచ్చాడు. "ఇది తినేదా, పూసేదా? మరెందుకు మోసుకొచ్చినవ్?" అని నాయనమ్మ అడిగిందట. "నిటారుగ ఉన్నది, నచ్చింది" అన్నాడట తాత. మా ఇంట్లో అంతకన్నా కారణం ఎవరూ అడిగేవారు కాదు. తెచ్చింది ఆయనైనా సాకింది నాయనమ్మే. అది మోకాలెత్తు పెరిగింది. ఎటూ వంగలేదు, కొమ్మ వేయలేదు, పువ్వు పూయలేదు.

ఇప్పచెక్క గురించి చెప్పాలి. ఆషాఢంలో ఇప్పగింజలు ఏరుకొచ్చి, దంచి, ఆవిరి పట్టి, చిన్న బుట్టలో కుక్కి, రెండు దుంగల మధ్య పెట్టి నూనె పిండేవాళ్ళం. పై దుంగ మీద ఇంట్లో బరువైనవాళ్ళు కూర్చోవాలి. ఆ గౌరవం మా పెదనాన్నది. పెద్ద మీసాలు, అంతకు తగిన పొట్ట. నాకు గుర్తున్నంతవరకు ఇంటికోసం ఆయన చేసిన పని అదొక్కటే. నూనె కారిపోయాక మిగిలేది చెక్క. అది వరిమడికి మంచి బలం, కానీ కొత్తది మహా ఘాటు. వాగు మడుగులో కలిపితే చేపలు తెల్లపొట్టలు చూపిస్తూ తేలతాయి. అందుకే నాయనమ్మ దాన్ని సంచిలో కట్టి ఏడాదిపాటు అటక మీద పడేసేది. తొలకరి తరువాత, తన చిన్న పిడికిలితో ఒకే ఒక్క పిడికెడు మొక్కకు పెట్టేది. "ఏడాది మాగాలె. పిడికెడే పెట్టాలె. ముళ్ళున్నదానికి ఎక్కువ పెడితే ఒళ్ళు మర్చిపోతది బిడ్డా" అనేది. ఆ విచారణ జరిగిననాటికి నాకు పద్దెనిమిదేళ్ళు. నాకు తెలియనిది ఏదీ లేదనుకునే వయసు.

తాత పోయాక పొలాలు కొన్ని సర్కారు కొలతల్లో పోయాయి. మరికొన్ని పెదనాన్న సంతకాల్లో పోయాయి. తగువులు తీర్చమని వచ్చేవాళ్ళు తగ్గారు, అరుగు మీద కోళ్ళు తిరగసాగాయి. ఆ రోజుల్లో పెదనాన్న భద్రాచలం నుంచి ఒక సోదె చెప్పేవాణ్ణి తీసుకొచ్చాడు. వాడు ఇల్లంతా తిరిగి, కడుపు నిండా తిని, చివరకు వేలు పెట్టి మొక్కను చూపించాడు. ఇల్లు తిన్నది అదేనట, వాగులో పారెయ్యాలట. అందరూ నాయనమ్మ వైపు చూశారు. ఆమె బియ్యం చెరగడం ఆపకుండా, "ఇల్లు తిన్నదేదో నాకు తెలుసు. దానికి ముళ్ళు లేవు, మీసాలున్నయి" అంది. పెదనాన్న ముఖం కందిపోయింది. "సరే. మంచి మొక్కే అయితే కొత్తల పండుం లోపల పుయ్యమను. పూస్తే ఉంటది, పుయ్యకుంటే వాగులకే" అన్నాడు. పండుం అంటే ఊళ్ళోని దోర్లా గిరిజనులు కొత్త పంటను దేవుడికి పెట్టే రోజు. అది దాటేదాకా కొత్త గింజ ఎవరూ నోట పెట్టరు. "పుయ్యమను" అంది నాయనమ్మ. ఆ మాట పదిమందిలో అనేసింది. దానికి రెండు నెలల గడువు.

ఆ మాట నిలబెట్టే బాధ్యత నాదే అనుకున్నాను. అటక మీద పాత చెక్క అయిపోయింది. వంటింట్లో అప్పుడే పిండిన కొత్త చెక్క ఉంది, ఇంకా వెచ్చగా. వరినారుకు వేస్తే పది రోజుల్లో నల్లబడేంత పచ్చగా లేస్తుంది కదా, దీనికి మాత్రం ఎందుకు పనిచేయదు? పిడికెడు కాదు, దోసెడు పెట్టాను. నాయనమ్మ సంతకు వెళ్ళిన ప్రతిసారీ, ఎవరూ చూడకుండా, మొదలు చుట్టూ ముద్దలు చేసి మరీ పెట్టాను. మొక్క ఉబ్బింది. నునుపు తేలింది. మొగ్గ వస్తోందని మురిసిపోయాను. ఒకరోజు వేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. మొదలు పసుపురంగుకు తిరిగి పులిసిన వాసన కొట్టింది.

నాయనమ్మ వాసన చూసి నా ముఖం చూసింది. "చంటిపిల్లకు బువ్వ పెట్టినట్టు పెట్టినవానె?" అని మాత్రం అంది. కుండీ పగలగొట్టకుండా మొక్కను పెళ్ళగించి, కొడవలితో కుళ్ళిన నాలుగు వేళ్ళ మందం కోసేసి, కోతకు పొయ్యిలో బూడిద అద్ది, చేటలో పడుకోబెట్టి నీడన పెట్టింది. మట్టి లేదు, నీళ్ళు లేవు. గాయం ఆరేదాకా దానికి పస్తే వైద్యం. పండుంకు ఇంకా వారమే ఉంది. "ఎవరన్న అడిగితే నేనే పెట్టిన అంట. ముసలిదానికి చెయ్యి తప్పిందనుకుంటరు" అంది. నేను తల ఊపాను. ఊపినందుకు వారం రోజులు అన్నం సహించలేదు.

పండుం ఉదయాన ఊరివాళ్ళు కొత్త గింజలు ఆకుల్లో పట్టుకుని మా వాకిట్లోకి వచ్చారు. మొదటి ఆకు మా ఇంటికి ఇచ్చే ఆనవాయితీ అప్పటికింకా పోలేదు. పెదనాన్న మొక్కను వాగుకు మోయించడానికి ఒక కావడి, ఇద్దరు మనుషులతో దిగాడు. కుండీ ఖాళీగా ఉంది. "ఏదీ? చచ్చిందా? ఇల్లు సాలక దాన్ని అదే తిన్నదా?" అని వాకిలంతా వినపడేలా నవ్వాడు. నాయనమ్మ నోరు తెరవబోయింది. ఆమె చెయ్యి తప్పిందని ఊరంతా అనుకోవడం నేను భరించలేకపోయాను. లేచి నిలబడ్డాను. "అది తినలే. నేనే తినిపిచ్చిన. కొత్త చెక్క, దోసెళ్ళతోని. తప్పు మొక్కది కాదు, నాయనమ్మది కాదు, నాది."

అప్పుడు వెనక నుంచి ఒక దోర్లా ముసలాయన, తాత కాలం మనిషి, "అవ్వా, మరి నింద పడ్డదాన్ని కూసోబెట్టవా?" అన్నాడు. మా వాకిట్లో తగువు తీరే పద్ధతి అది. నింద పడ్డవాళ్ళు కింద ఎండలో నిలబడాలి. తప్పు ఇంకొకరు ఒప్పుకుంటే, నింద పడ్డవాళ్ళను అరుగు మీదికి పిలిచి చాప వేసి, అందరికన్నా ముందు తిండి పెట్టాలి. ఒప్పుకున్నవాళ్ళు కిందికి దిగాలి. ఆయన హాస్యానికి అన్నాడో నిజంగానే అన్నాడో నాకిప్పటికీ తెలియదు. నాయనమ్మ మాత్రం లోపలికి వెళ్ళి చేట తెచ్చింది. బూడిద పూసుకుని పడుకున్న మా మొక్కను చాప మీద పెట్టి, ఆకులోంచి చిటికెడు కొత్త గింజలు దాని ముందు ఉంచింది. ఎవరో ఫక్కున నవ్వారు, ఇంకెవరో దణ్ణం పెట్టారు. "మొక్కకు మర్యాదలా! ఈ కొంపకు పిచ్చి పట్టింది" అన్నాడు పెదనాన్న. "పట్టనీ. నువ్వు గూడ కూసొని తిను" అంది నాయనమ్మ. ఆయన తినలేదు. కావడి కూడా మరిచిపోయి వెళ్ళాడు. మళ్ళీ ఎన్నడూ మా ఇంట్లో అన్నానికి చెయ్యి కడగలేదు. అందరి తిండీ అయ్యేదాకా నేను ఎండలో నిలబడ్డాను. కాళ్ళు లాగాయి గానీ వెన్ను వంచలేదు.

ఇసకమట్టిలో నెలన్నరకు దానికి వేళ్ళొచ్చాయి. రెండేళ్ళకు నాయనమ్మ పోయింది. ఆ తరువాత ఇల్లూ, ఆ తరువాత ఊరూ. ఊరు ఖాళీ చేయిస్తూ జీపులో పట్టే సామాను ఏరుకోమన్నప్పుడు కుండీ నా ఒళ్ళో పెట్టుకున్నాను. ముళ్ళు గుచ్చుకున్నాయి, దించలేదు. పూసిందా అని మీరు అడుగుతారని తెలుసు. పువ్వు చూసి మొక్కను తీర్పు తీర్చడం మా ఇంట్లో ఆనాడే మానేశాం గనుక చెప్పను. కాలం మా దగ్గర నుంచి చాలా పట్టుకుపోయింది, ఒక్కసారి కూడా అడగకుండా. నేను నా కాళ్ళ మీద లేచి నిలబడ్డ ఆ ఉదయం మీద చెయ్యి వేయడానికి మాత్రం ఇంతవరకు దానికి ధైర్యం చాలలేదు.