తాత సంతకం పెట్టని గోడలు

నిన్న పొద్దున షాపులో మెషిన్ మీద ఫ్లెక్స్ రోల్ ఎక్కిస్తుంటే బాపు ఫోన్ చేశాడు.

"తాత లేస్తలేడురా. జల్ది రా."

రోల్ అట్లే వదిలేసి ఇంటికి ఉరికాను.

మొన్న సాయంత్రమే కదా కలిసి చాయ్ తాగింది. బన్ను సగం తుంచి నాకే ఇచ్చాడు.

నాకు పోస్టులు రాయడం రాదు. ఎనిమిదితో చదువు ఆపేశాను, తప్పులుంటే ఏమనుకోకండి. నలుగురిలో నోరు రాదు. ఈరోజు చర్చిలో పాస్టర్ గారు "మనవడు రెండు మాటలు చెప్తాడు" అంటే తల దించుకున్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా తాత యాకోబు గోడల మీద రాసే పెయింటర్. హసన్‌పర్తి నుంచి పరకాల దాకా రోడ్డు పక్క గోడలన్నీ ఒకప్పుడు ఆయనవే. సైకిల్‌కు రంగు డబ్బాలు కట్టుకుని పోయేవాడట. ఎరువులు, బీడీలు, సబ్బులు. సర్కారు టీకాల రాతలు కూడా ఆయనే రాసేవాడు.

అన్నిటికీ ఒకటే అక్షరం. ఒకటే నీలం రంగు. కింద మూలకు చిన్నగా "యాకోబు ఆర్ట్స్".

మా ఇంటి కిటికీలో మూత తీయని మందు సీసా ఒకటి ఉంది. చిన్నప్పుడు షర్బత్ అనుకుని మూత తిప్పబోయాను. తాత ఒక్కటి కొట్టాడు. ఆయన నన్ను కొట్టింది అదొక్కసారే. తర్వాత ఆయనే ఏడ్చి, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు.

డెబ్బైల చివర. మా బాపు ఇంకా పుట్టలేదు. పసిరికలకు, అంటే పచ్చకామెర్లకు, మందు అమ్మే కంపెనీ ఒకటి తాతతో గోడలు రాయించింది. "వారంలో మాయం. దవాఖాన అవసరం లేదు." రోడ్డు పొడుగునా రాశాడు.

ఏడాది తర్వాత రంగు మళ్లీ వేయడానికి పరకాల దగ్గర ఒక ఊరికి పోయాడు. ఆ గోడ మగ్గం నేసేవాళ్ల ఇంటిది. లోపల మగ్గం చప్పుడు లేదు. ఇంటామె బయటికి వచ్చింది.

"ఇది రాసింది నువ్వేనా అన్నా?"

"నేనే అక్కా. పోయినసారి మీ ఆయన చాయ్ పోసిండు, యాదికున్నది. ఏడి, కనవడతలేడు?"

"పసిరికలై పోయిండు."

తాత కుంచె ఆగిపోయింది.

"దవాఖానకు పోదాం పా అని మొత్తుకున్న. ఇనలే. టీకాల సంగతి రాసినాయనే ఇది రాసిండు, కింద పేరు గూడ ఉన్నది, సర్కారు అబద్ధం రాయిస్తదా అన్నడు. మూడు సీసలు తాగిండు. నాలుగోది ఇంట్లనే ఉన్నది. తీస్కపో."

తిట్టలేదట. తిడితే బాగుండు అనేవాడు తాత.

ఆ రోజే ఆమె గోడకు సున్నం కొట్టాడు. తర్వాత ఒక్కో ఊరికీ పోయి అన్నీ తుడిచాడు. కంపెనీ ఏజెంటు దారిలో తాత సైకిల్ ఆపాడు.

"పైసలిచ్చి రాయించుకున్న గోడలవి. తుడవనీకి నువ్వెవ్వనివి?"

"రాసినోణ్ని."

సీసా పట్టుకుని వరంగల్‌లో సర్కారు ఆఫీసుకు పోయాడు. రోగం మాయం చేస్తామని ఇట్లా ప్రచారం చేయొద్దని ఎప్పటినుంచో చట్టం ఉందని అక్కడి సారు చెప్పాడు. తాతకు ఆ రోజే తెలిసింది.

"కాయితం రాసియ్యి. గని గోడల మీద నీ పేరే ఉండె గదా. నీ మీద గూడ కేసైతది మల్ల."

"కానియ్యున్రి సార్. ముందు నా పేరే రాసుకోన్రి."

కేసు కాలేదు. ఆయన మాత్రం చాలా రోజులు ఆ ఆఫీసు చుట్టూ తిరిగాడు. కొన్నాళ్లకు ఆ మందు రావడం ఆగిపోయింది. తన కాగితం వల్లనా, కంపెనీయే మూతపడిందా, ఎవరూ చెప్పలేదు.

సీసా కిటికీలో పెట్టుకున్నాడు. రోజూ కనబడాలని.

ఆ తర్వాత ఏ గోడ మీదా తన పేరు రాయలేదు. పని తెచ్చినవాళ్లను ఒక్కటే అడిగేవాడు. "మీ ఇంట్ల ఇది వాడుతాన్రా?" చాలామంది అట్లే వెనక్కి పోయేవారట. "వచ్చిండు మా జడ్జి సాబు" అని నాయనమ్మ ఎక్కిరించేది.

ఇంకోటి చెప్పాలి.

పోయిన నెల నేను షాపులో "షుగర్ పూర్తిగా మాయం" అని ఫ్లెక్స్ చేస్తుంటే తాత టిఫిన్ తెచ్చాడు. స్క్రీన్ చూశాడు.

"తిను బిడ్డా, సల్లారుతది" అన్నాడు. అంతే.

ఆ ఫ్లెక్స్ నేను ప్రింట్ చేశాను తాతా. ఓనర్‌కు వద్దని చెప్పే ధైర్యం రాలేదు. ఇప్పుడది బస్టాండ్ దగ్గర వేలాడుతోంది.

ఈరోజు మధ్యాహ్నం సమాధి దగ్గర సిలువ మీద పేరు రాయాల్సి వచ్చింది. "వరంగల్ మహా కళాకారుడు" అని రాయి అన్నాడు బాబాయి. అందరి ముందూ నోరు తెరిచాను. "తాత ఒప్పుకోడు బాబాయ్" అన్నా.

నీ కుంచెతోనే రాశాను. నీ అక్షరం, నీ నీలం.

యాకోబు. పెయింటర్.

ఇన్నేళ్లకు నీ పేరు మళ్లీ రాతకెక్కింది తాతా. అందులో అబద్ధం ఏమీ లేదు.

రేపు పొద్దున షాపుకు పోయే ముందు బస్టాండ్ దగ్గర ఆగి ఆ ఫ్లెక్స్ దింపుతా. నిచ్చెన మన ఇంట్లోదే తీసుకుపోతా.

ఇగ ఫికర్ చెయ్యకు. నిమ్మళంగా పండుకో తాతా.