తప్పు బోరునీళ్లది కాదు

టమోటా మండీలో మా అన్నను చూపించి, "తమ్ముడంటే నీ మాదిరి ఉండల్లప్పా, అన్నను బతికించుకున్నావు" అంటుంటారు. ఇంతకాలం నేను కాదనలేదు. జరిగింది అది కాదు.

అన్న ఆ మండీలోనే వేలం వేస్తాడు. పెట్టెల మధ్య నిలబడి ధర అరిస్తే రోడ్డు మీద లారీ డ్రైవర్లకూ వినిపించేది. ఒక ఎండాకాలం ఆయన కింది దవడ పళ్లు కదలడం మొదలుపెట్టాయి. బెళుగుప్ప వైపు మా ఊళ్లో పళ్ల గురించి ఎవరూ కంగారుపడరు. బోరునీళ్ల ఫ్లోరైడ్‌కు చిన్నపిల్లల పళ్లకే గోధుమరంగు చారలుంటాయి. "మన నీళ్లే అంత, పీకించుకో అన్నా" అన్నాను.

అనంతపురంలో పళ్ల డాక్టరమ్మ పీకలేదు. ముందు ఆయన కింది పెదవి చూసింది. టీ తగిలి బొబ్బ లేచి ఉంది.

"కాలినట్టు తెలియలేదా?"

"లేదమ్మా. ఆ పక్క మొద్దుబారి ఉండాది."

ఆమె పటకారు కింద పెట్టేసింది. నీళ్లకు పళ్లు గారపడతాయి గానీ పెదవి మొద్దుబారదని, ఎముకలో నరాన్ని ఏదో నొక్కుతోందని చెప్పి ఎక్స్‌రే తీయించింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ప్రమాదం లేని గడ్డ అని వచ్చింది. నేను హమ్మయ్య అనుకున్నాను. ఆమె మాత్రం ఇంకా లోపలి నుంచి మళ్లీ ముక్క తీయాలంది.

"ఎన్ని తూర్లు కోస్తావమ్మా? మా అన్న మనిషా, గుమ్మడికాయా?" అని వరండాలో అందరూ వినేలా అరిచాను. "దా అన్నా, పోదాం."

ఆమె గొంతు పెంచలేదు. "రిపోర్టు తప్పనడం లేదన్నా. పంపిన ముక్కలో జబ్బు లేదు, అంతే. ఇది అరుదైంది కావచ్చు, పైపైన దొరకదు. పెదవి ఎందుకు మొద్దుబారిందో ఆ కాగితం చెప్పలేదు గదా."

అన్న కుర్చీలోంచి కదల్లేదు. "నువ్వు పోయి టీ తాగి రా పోరా. ఆయమ్మ నా నోరు చూస్తాండాది, నువ్వు నీ నోరు చూసుకో."

రెండో ముక్కలో బయటపడింది. దవడ ఎముకలోనే పుట్టే క్యాన్సర్. బెంగళూరు డాక్టర్లతో ఆమే మాట్లాడింది.

"మళ్లా వేలం అరుస్తానా మేడమ్?" అని అన్న అడిగాడు.

"మాట ఇవ్వలేనన్నా. నీ పని ఏందో మాత్రం వాళ్లకు చెప్పినాను."

బెంగళూరులో మందులు ఎక్కించి, సగం దవడ తీసి, పిక్కలోని సన్నటి ఎముకతో కొత్త దవడ కట్టారు. ఇప్పుడు అన్న కొంచెం కుంటుతాడు. ముప్పై, యాభై సరిగ్గా పలకవు.

"ఏమన్నా, ముప్పయ్యా, యాభయ్యా?" అని వ్యాపారులు ఆటపట్టిస్తారు.

"చెవులు గూడా నేనే తేవల్లనా?" అంటూ వేళ్లు చూపిస్తాడు.

మొన్న ఒక హమాలీ పన్ను కదులుతోందంటూ నీళ్లను తిట్టాడు. అన్న వేలం ఆపి వాడి కింది పెదవి గిల్లాడు.

"తెలిసిందా?"

"అబ్బా! తెలిసిందన్నా!"

"అయినా సరే, పోయి ఆయమ్మకు చూపించు" అని మళ్లీ ధర ఎత్తుకున్నాడు.