మొదటి బుట్ట

మా ఊరు రెంటచింతలకు దగ్గర. యోహాను బాబాయి వాగులో చేపలు పట్టి బతికేవాడు. తల్లి పోయాక ఆయన్ను పెంచింది అక్క హన్నమ్మ. అందుకని ఏ రోజు పట్టినా మొదటి బుట్ట ఆమెకే. పెళ్ళయి పిల్లలు పుట్టినా ఆ అలవాటు మానలేదు.

ఎనభై ఆరులో, ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలంలో ఒక శుక్రవారం నాడు, వాగు నిండా చేపలు తెల్లగా తేలాయి. ఆ శుక్రవారాల్లో మాకు మాంసం కూడదు, చేప తినొచ్చు. దేవుడే పంపాడనుకున్నాడు పిచ్చి మారాజు. ఏరుకొచ్చి మొదటి బుట్ట అక్కకిచ్చాడు. ఆయన ఇంట్లో కూర పొయ్యి మీద ఉండగానే అక్క ఇంటి నుంచి కేకలు వినిపించాయి. పొద్దు వాలేసరికి హన్నమ్మత్త పోయింది.

ఎగువనున్న పురుగుమందుల ఫ్యాక్టరీ గొట్టం వాగులోకే ఉందని ఊరందరికీ తెలుసు. గొట్టం దగ్గర నీళ్ళు గొడ్లు ముట్టడం ఎప్పుడో మానేశాయి. కానీ సగం ఊరి కూడు అక్కడే, ఎవరి నోరు పెగులుతుంది? పోలీసులకు బాబాయి దొరికాడు. కుర్రతనంలో మడుగుల్లో మత్తుకాయలు నూరి కలిపి చేపలు పట్టినవాడే కదా, ఈసారి విషమే కలిపాడని కేసు కట్టారు. సాక్షి ఎవరనుకున్నారు? ఆ ఫ్యాక్టరీ వాచ్‌మనే!

చెయ్యలేదన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ మాట్లాడొద్దని ప్లీడరు గట్టిగా చెప్పాడు. ఏం లాభం? చిన్నప్పటి నుంచీ ఫాదరు ముందు మోకరించి తన తప్పు చెప్పుకోవడమే గానీ ఎదుటివాడి తప్పు ఎత్తడం ఎరగని మనిషి. గురజాల కోర్టు బోనులోనూ అలాగే చేతులు కట్టుకుని తల వంచాడు.

"నా చేత్తోనే మా అక్కకు ఇచ్చానయ్యా. తప్పు నాదే."

మేజిస్ట్రేటు రాసుకున్నాడు. గొట్టం సంగతి ఎవరూ అడగలేదు. ఒళ్ళు మండి నేను లేవబోతే బంట్రోతు కూర్చోబెట్టాడు.

జైలు నుంచి వచ్చేసరికి బాబాయి సగమైపోయాడు. ఇక వల ముట్టలేదు. గొట్టం మాత్రం వాగులోకి పారుతూనే ఉంది. చంపింది నువ్వు కాదు, ఆ ఫ్యాక్టరీ వాళ్ళు అని ఆయన దగ్గర కూర్చుని ఎంతో మొత్తుకున్నాను. వాగు వైపే చూస్తూ అన్నాడు:

"చచ్చిన చేపలేందని మా అక్క ఒక్క మాటన్నా అడగలేదురా. నేను తెచ్చానని తినింది."