అండి అనకూడని రాజు

తెనాలిలో ఒక బట్టల కొట్టులో ఏళ్ల తరబడి చీరలు చూపిస్తున్నాను. గుమ్మంలో నీడ పడితే చాలు, తలెత్తకుండానే "రండమ్మా, కూర్చోండి, ఏం చూపించమంటారు?" అనేస్తాను. ఒకసారి కొట్టులోకి ఆవు తల దూరిస్తే దానికీ అదే మర్యాద జరిగింది.

అలాంటి నాకు, గొంతు పెద్దదని, రేపల్లె నాటకాలవాళ్లు క్రూరుడైన రాజు వేషం ఇచ్చారు. మొదటి రిహార్సల్లో మంత్రిని "నీచుడా, బయటికి పో!" అనాలి. "నీచుడా, బయటికి వెళ్లండి" అన్నాను.

దర్శకుడు నెత్తి పట్టుకున్నాడు. "రాజువయ్యా నువ్వు! ఆ అండి ఏంటి?"

"తెలుసండి. నోరు ఆగటం లేదండి."

ఇంట్లో మా ఆవిడ శిక్షణ మొదలుపెట్టింది. "నన్ను తిట్టండి. ఒక్క అండి కూడా రాకూడదు."

"సరేనండి."

అండి వస్తున్నట్టు అనిపించగానే నాలుక కొరుక్కోమంది. నాలుక వాచి, కొన్నాళ్లు పెరుగన్నమే గతయింది. కానీ పని చేసింది. మాట పెదవి దాకా రాకముందే లోపల ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు ఆగిపోసాగింది.

బాపట్లలో ప్రదర్శన. చివరి అంకంలో మంత్రి నా ముందు మోకరిల్లాడు. భటులు కత్తులెత్తారు. "వీడి తల నరకండి!" అని వాళ్లకు ఆజ్ఞ ఇవ్వాలి. నా పాత్ర మొత్తంలో అండి ఉండాల్సింది అక్కడొక్కటే.

"వీడి తల నరక..."

అంతే. నోరు తెరిచే ఉంది, మాట రాదు. భటులు ఎత్తిన కత్తులు అలాగే పట్టుకుని నావంక చూస్తున్నారు. తెర పక్కనుంచి దర్శకుడు "అండి! అండి!" అని గొణిగాడు. ఇన్నాళ్లూ వద్దన్న మనిషే ఇప్పుడు కావాలంటున్నాడు. కంగారులో నా నోటికి ఏది దగ్గరగా ఉందో అది వచ్చేసింది.

"రండమ్మా, కూర్చోండి, ఏం చూపించమంటారు?"

మంత్రి వేషం వేసినాయన రేపల్లెలో లేడీస్ టైలరు. కత్తుల కింద నుంచే, ఏమాత్రం తడుముకోకుండా, "ఆది జాకెట్టు తెచ్చారా అమ్మా?" అన్నాడు.

జనం ఈలలు వేస్తుంటే తెర దించేశారు. నన్ను తీసేస్తారనుకున్నాను. తీరా రేపల్లె ప్రదర్శనకు ముందు జనం వచ్చి "ఆ జాకెట్టు సీను ఉందాండి?" అని అడగసాగారు. దర్శకుడు నా చేతులు పట్టుకున్నాడు.

"బాపట్లలో చేసినట్టే చెయ్యండి సార్."

మంత్రి మోకరిల్లాడు. భటులు కత్తులెత్తారు. జనం ముందుకు వంగారు.

"వీడి తల నరకండి!" అనేశాను, ఖంగుమని.

మంత్రి తలెత్తి నావంక జాలిగా చూశాడు. భటులకు నరకక తప్పలేదు.