పసుపన్నం పెట్టిన గుండె

వినార్తి పిన్ని సోలో ఊళ్లో గుడ్డల మీద మైనంతో పూలూ తీగలూ గీస్తుంది. చాంతింగ్ అనే చిన్న రాగి కలాన్ని కాగుతున్న మైనంలో ముంచి, దాని సన్నటి మూతిని ఒకసారి ఊది, ఊపిరి బిగబట్టి గీత లాగాలి. ఊదకపోతే మైనం బొట్టుగా జారుతుంది. బొట్టు పడిన చోట రంగు ఎక్కక మచ్చ మిగిలిపోతుంది.

పిన్ని గుండెలో పుట్టుకతోనే రంధ్రం ఉండేది. ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి కూడా ఇరుకు. ఏడిస్తే పెదాలు నీలంగా మారేవట. ఏడో ఏట జకార్తాలో ఆపరేషన్ చేశారు. పెదాలు ఎర్రబడగానే తాతయ్య వీధంతా పిలిచి, ప్రార్థన చేయించి, శుభానికి పెట్టే పసుపన్నం పెట్టాడు. నయమైందని అంతమందికి అన్నం పెట్టాక మళ్లీ ఆసుపత్రికి వెళ్తే ఆ ప్రార్థనను శంకించినట్టే. అందుకే ఎవరూ తీసుకెళ్లలేదు.

నలభై దాటాక ఆయాసం మొదలైంది. ఒక్కోసారి గుండె దడదడలాడి కళ్లు చీకట్లు కమ్మేవి. ఒంట్లో గాలి చేరిందన్నారు. మా వైపు ఏ నలతకైనా అదే పేరు. మైనం మూకుడు చుట్టూ కూర్చునే ఆడవాళ్లలో పెద్దదైన తుమినా అవ్వ, పిన్ని వీపుకు నూనె రాసి ఆ గాలి బయటికి పోవాలని ఎర్రటి చారలు తేలేదాకా పాత నాణెంతో గీకేది.

"నువ్వు నా వీపు మీద గీసేవే తిన్నగా వస్తున్నాయి అవ్వా, నావే వంకర పోతున్నాయి" అని నవ్వేది పిన్ని.

ఒక పొద్దున పెళ్లి గుడ్డ గీస్తూ మూతి ఊదబోతే ఊపిరి అందలేదు. మూడు బొట్లు వరసగా పడ్డాయి. పిన్ని నాణెం తీసి అవ్వ చేతిలో పెట్టి వీపు తిప్పింది. అవ్వ గీకలేదు.

"మూడు రోజులకే తిరిగొచ్చే గాలి ఏం గాలే పిల్లా? నిన్ను కుట్టినవాళ్ల దగ్గరికే పో."

"వాళ్లు బాగుచేసేశారు కదవ్వా. నాన్న అన్నం కూడా పెట్టాడు."

"తిన్నది వీధివాళ్లు. నీ గుండె తిన్లేదు గదా."

పిన్నితో ఆసుపత్రికి నేనూ వెళ్లాను. ఇన్నేళ్లూ ఎవరికి చూపించుకున్నారని డాక్టరమ్మ అడిగితే ఎవరికీ లేదంది పిన్ని. ఆవిడ కోప్పడలేదు. చిన్నప్పుడు ఆ ఇరుకు దారిని వెడల్పు చేయడంతో అక్కడి కవాటం సరిగా మూసుకోవట్లేదట. ముప్పై ఏళ్లకు పైగా రక్తం వెనక్కి కారి గుండె కుడివైపు సాగిపోయింది, అందుకే కొట్టుకోవడంలో లయ తప్పుతోంది. కొత్త కవాటం వేయాలి, ఆ తరువాత కూడా ఏటా చూపించుకోవాలి అంది.

పిన్ని ఒక్కటే అడిగింది: "మళ్లీ ఊదగలనా?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నేను చాంతింగ్ సంగతి చెప్పాను. ఊదగలరనే అనుకుంటున్నానంది గానీ మాట ఇవ్వలేదు.

కొత్త కవాటం వేయించుకున్న ఐదు నెలలకు పిన్ని మళ్లీ మూకుడు ముందు కూర్చుంది. ఆ పెళ్లి ఎప్పుడో ఇంకో గుడ్డతో జరిగిపోయింది. ఇది మాత్రం మూడు బొట్లతో అలాగే వెదురు గడ మీద ఉంది. చాంతింగ్ ముంచింది. ఊదింది. గీత బొట్ల పక్కనుంచి ఆగకుండా సాగింది.

మళ్లీ పసుపన్నం ఎప్పుడు పెడతావని అవ్వ అడిగింది. తీగ చివరిదాకా లాగాకే పిన్ని నోరు విప్పింది.

"ఈసారి ఏటా పెడతా అవ్వా. డాక్టరమ్మ చూసి పంపిన రోజున."

"అయితే నేనింకా చాలా ఏళ్లు బతకాలన్నమాట" అంది అవ్వ, మూకుడు కింద మంట తగ్గిస్తూ.