మగ్గం గుంటలో సముద్రం

వానాకాలం పొద్దున మగ్గం కింద కాళ్ళు దించుకునే గుంటలో చెయ్యి పెట్టగానే మట్టి చల్లదనం వేళ్ళకు తగులుతుంది. ఆ చల్లదనంతో పాటే సత్యవతి పిన్ని గుర్తొస్తుంది. ఉప్పాడలో మా పక్కింటావిడ. రెండు వైపులా పువ్వు ఒకేలా కనబడే జాందానీ నేత నాకు నేర్పింది ఆవిడే. ఎంత బాగా నేసినా ముందు వైపు చూసేది కాదు. బట్ట తిరగేసి, వెనక పువ్వు మీద వేలు పెట్టేది. "ముందేదో వెనకేదో తెలిసిపోతోందే అమ్మాయ్. విప్పెయ్" అనేది. నాకు ఏడుపొచ్చేది. ఆవిడ మాత్రం నవ్వుతూ టీ పెట్టడానికి లేచేది.

కిడ్నీలు పాడైతే ఆవిడకు చెల్లెలు ఒకటి ఇచ్చింది. కొత్త కిడ్నీని ఒళ్ళు పరాయిదని తోసెయ్యకుండా రోజూ మాత్రలు వేసుకోవాలి. వాటివల్ల రోగాలతో పోరాడే శక్తి తగ్గిపోతుంది. "చుట్టం ఇంట్లో ఉండాలంటే కుక్కను కట్టెయ్యాలిగా" అనేది పిన్ని.

ఒకసారి జ్వరంతో పడుకుని, "మగ్గం గుంటలోకి సముద్రం వచ్చేసిందే. పోగులు తడిసిపోతున్నాయి" అంది. ఇంకో ఊళ్ళో అయితే ఆ మాటకు ఉలిక్కిపడేవారు. మా ఊళ్ళో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఆవిడ పుట్టిల్లు కెరటాల్లో కలిసిపోవడం అందరం చూసిందే. పాపం, పాత బెంగ అనుకున్నాం. వాళ్ళాయన, మా బాబాయిగారు, "పడుకోవే, నీళ్ళు వెనక్కెళ్ళాయిలే" అని దుప్పటి కప్పారు. నేను నేసిన ముక్క ఒకటి తెచ్చి ఆవిడ చేతికిచ్చాను. "చూడండి పిన్నిగారూ, పొడిగానే ఉంది." ఆవిడ ముందు వైపే నిమిరి, "బాగుంది" అంది. తిరగెయ్యలేదు.

"బాబాయిగారూ, ఇది బెంగ కాదండి. ఆటో పిలవండి" అన్నాను.

కాకినాడ ఆసుపత్రిలో వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశారు. "వైరస్ మెదడుకెక్కిందండి. చాలామందికి ఒళ్ళే దాన్ని అడ్డుకుంటుంది. ఈవిడకు ఆ కాపలా లేదు. ఇంకా ఆలస్యమైతే దక్కేవారు కాదు" అన్నారు డాక్టరు గారు.

పిన్ని దక్కింది. కానీ మునుపటి పిన్ని పూర్తిగా తిరిగి రాలేదు. మనుషుల పేర్లు పోయాయి, వాటితో నా పేరూ పోయింది. రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, "నీళ్ళు తగ్గాయా అమ్మాయ్?" అని అడిగేది. మొదట్లో అసలు నీళ్ళే రాలేదని వాదించేదాన్ని. తర్వాత్తర్వాత గుంటలో చెయ్యి పెట్టి చూసొచ్చి, "తగ్గాయండి" అనేదాన్ని. ఆవిడ మొహం తేటపడేది. అలాంటి ఒక పొద్దున నా చేతిలోని బట్ట అందుకుని, తిరగేసి, వెనక పువ్వు మీద వేలు ఆపింది. "విప్పెయ్" అంది. ఆనందంతో ఏడ్చేశాను.

ఇప్పుడా అరుగు మీద ఎవరూ కూర్చోవడం లేదు. ఇవాళ కూడా కాళ్ళు దించే ముందు గుంటలో చెయ్యి పెట్టి చూశాను. "తగ్గాయండి పిన్నిగారూ" అని పైకే చెప్పాను. నిన్నటి పువ్వును అడుగువైపు నుంచి తడిమితే ఒక పోగు తేడాగా తగిలింది. విప్పేశాను.